గాంగ్‌జిన్ బట్టీ నుంచి రాజు విందు దాకా

1123లో చైనా సోంగ్ చక్రవర్తి పంపిన రాయబార బృందం కొరియా వెళ్ళింది. అందులో షూ జింగ్ అనే అధికారి ఉన్నాడు. కంటపడ్డదల్లా రాసిపెట్టుకునే మనిషి. అప్పటి గోర్యో రాజ్యానికి రాజధాని గేగ్యోంగ్, ఇప్పటి ఉత్తర కొరియాలోని కేసోంగ్. అక్కడ దాదాపు నెల రోజులు గడిపి, తిరిగి వెళ్ళాక ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో పింగాణీ పాత్రల మాట ఎత్తగానే ఆయన చెప్పింది ఒక మద్యం పాత్ర గురించి. ఖర్బూజా ఆకారం, పైన చిన్న మూత, ఆ మూత తామరపువ్వు మీద ముడుచుకుని కూర్చున్న బాతు రూపంలో ఉంటుందట. ఆ పచ్చరంగును అక్కడివాళ్ళు బిసేక్ అంటారనీ, ఈమధ్య వాళ్ళ పనితనం బాగా మెరుగుపడిందనీ కూడా రాశాడు. పింగాణీకి పుట్టిల్లయిన చైనా నుంచి వచ్చినవాడి నోట ఆ మాట రావడం చిన్న సంగతేమీ కాదు.

అలాంటి పాత్ర ఎలా తయారయ్యేదో, తయారయ్యాక అందులోకి ఏం చేరేదో ఇక్కడ వరసగా చెబుతాను. ఒక కూజాను ఎంచుకుందాం: సొరకాయ బుర్ర ఆకారం, ముందు కొమ్ము, వెనక పిడి, పైన మూత. దానితోపాటు వేడినీళ్ళు పోసుకునే గిన్నె, పీట మీద నిలిచే చిన్న కప్పులు ఉంటాయి. ఇవాళ ఈ కూజాలు గాజు అల్మారాల్లో కళాఖండాలుగా నిలబడ్డాయి. చేసిన కుమ్మరికి మాత్రం ఇది ముందుగా వంచి పోసే పాత్ర. ఆ సంగతి మరిచిపోతే అతను పడ్డ శ్రమలో సగం మనకు కనబడదు.

మొదట మన్ను. గోర్యో సెలడాన్‌కు, అంటే ఆ పచ్చ పింగాణీకి, అతిపెద్ద కేంద్రం కొరియా నైరుతి మూల, సముద్రం ఒడ్డున ఉన్న గాంగ్‌జిన్. ఆ ఒక్క ప్రాంతంలోనే 180కి పైగా పాత బట్టీల జాడలు దొరికాయి. ఇంకాస్త ఉత్తరాన బువాన్ మరో కేంద్రం. మంచి మన్ను, కొండల నిండా పైన్ చెట్లు, పక్కనే పడవల దారి. పింగాణీకి ఈ మూడూ ఒకచోట కుదరడమే కష్టం.

తవ్వి తెచ్చిన మన్నును ఎండబెట్టి, దంచి, గుంటలో నీళ్ళు పోసి కలుపుతారు. ఇసుకా రాళ్ళూ అడుక్కి దిగాక పైన తేలే పలుచని బురదను వడగట్టి ఇంకో గుంటలోకి వదులుతారు. అది పేరుకున్నాక నీళ్ళు తోడేసి, ఆరనిచ్చి, కాళ్ళతో తొక్కుతారు. తరువాత చేతులతో మర్దిస్తారు. ఇక్కడ బద్ధకించకూడదు. ముద్దలో గాలి బుడగ మిగిలితే బట్టీలో గోడ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఈ మన్నులో ఇనుము కొద్దిగా ఉంటుంది, అందుకే కాలాక బూడిదరంగుకు తిరుగుతుంది. పైన పరిచే పారదర్శకమైన పచ్చ పూతకు ఆ బూడిదరంగే లోతునిస్తుంది.

ఇక సారె. కాలితో తన్ని తిప్పే సారె మీద బుర్ర కింది భాగం, పై భాగం విడివిడిగా లేపి, కాస్త ఆరాక నడుము దగ్గర పలుచని మన్నుతో అతుకుతారు. షూ జింగ్ చూసిన ఖర్బూజా పాత్ర అయితే గుండ్రంగా లేపిన తరువాత బయటి నుంచి నిలువు గాళ్ళు నొక్కి తొనలు తీస్తారు. 1146లో కన్నుమూసిన ఇంజోంగ్ రాజు సమాధి నుంచి వచ్చిందని చెప్పే ఒక సీసా ఆకారపు పాత్ర ఈ తొనల పనికి మచ్చుతునక. దాని మీద నగిషీ దాదాపు లేదు. ఆకారం, రంగు, అంతే. గోర్యో పింగాణీలో నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోచేది అదే.

కొమ్ము అతికించేటప్పుడు లెక్క తప్పకూడదు. కొమ్ము కొస కూజా మూతికంటే కిందికి ఉంటే, నిండా పోసేలోపే మద్యం కొమ్ములోంచి కారిపోతుంది. అందుకే కొమ్ము మెడవంపు తిరిగి పైకి లేస్తుంది. కొస సన్నగా, అంచు పదునుగా ఉంటే ధార తెగినప్పుడు చుక్క వెనక్కి జారి కూజా పొట్ట మీదికి పాకదు. పిడిని కొన్నిటికి తీగలు మెలేసినట్టు, కొన్నిటికి వెదురు కణుపుల్లా చేస్తారు. చాలా కూజాల్లో పిడి పైన ఒక బుల్లి కొలికి, మూత మీద ఇంకో బుల్లి కొలికి ఉంటాయి. రెంటినీ దారంతో కలిపి కట్టేవారు. వంచి పోసేటప్పుడు మూత జారి కప్పులో పడకుండా ఆ ఏర్పాటు. వెండి కూజాల్లో గొలుసు చేసే పనిని ఇక్కడ దారం చేస్తుంది. నిజానికి ఈ ఆకారాల్లో చాలావాటికి మూలం లోహపు పాత్రలే. అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో బంగారు పూత పూసిన గోర్యో వెండి కూజా, దాని కింది గిన్నెతో సహా ఉంది. రాజులకు వెండిలో ఉన్నదాన్ని కుమ్మరి మన్నులోకి తెచ్చాడు. తెచ్చాక మాత్రం మన్నుకే సాధ్యమయ్యే అందాన్ని దానికి చేర్చాడు.

ఆ అందమే సాంగ్గామ్, అంటే పొదుగు పని. కూజా చేతికి అంటనంతగా ఆరి, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తగా ఉన్నప్పుడు ఇది మొదలవుతుంది. సన్నని ఉలితో కొంగ రెక్కల్ని, మబ్బుల్ని, చేమంతుల్ని, నీటి ఒడ్డున వంగిన చెట్టు కొమ్మల్ని గాళ్ళుగా చెక్కుతారు. తెల్లగా రావాల్సిన చోట తెల్లమన్ను ముద్ద కూరుతారు. నల్లగా రావాల్సిన చోట ఇనుము దట్టంగా ఉన్న ఎర్రమన్ను పెడతారు, అది బట్టీలో నల్లబడుతుంది. కూరిన మన్ను కాస్త బిగిశాక పైపైన గీకేస్తే గాడిలో ఉన్నది మాత్రమే మిగిలి బొమ్మ తేలుతుంది. చెప్పినంత తేలిక కాదు. మూడు రకాల మన్నులు ఆరేటప్పుడూ కాలేటప్పుడూ ఒకే కొలతలో కుంచించుకోవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే బొమ్మ అంచున బీటలు వారుతుంది, లేదా పొదిగింది ఊడిపోతుంది. తెల్లమన్నులో ఏది ఎంత కలపాలో తెలిసినవాడే ఆ పని చేయగలడు.

ఇదంతా ఎప్పుడు పండిందో చెప్పే ఆధారం ఒకటుంది. షూ జింగ్ అన్ని పాత్రలు వర్ణించాడు గాని పొదుగు పని ఊసెత్తలేదు. 1159లో మరణించిన మున్ కోంగ్-యు అనే అధికారి సమాధిలోని గిన్నెకు వచ్చేసరికి, లోపలి వైపు తీగల చుట్టూ ఉన్న నేలనంతా తెల్లమన్నుతో పొదిగి, తీగల్ని పచ్చగా వదిలేశారు. బొమ్మను వదిలి నేలను పొదగడం అంటే చేయి తిరిగిన తరువాతి పని. ఒక్క తరం లోపల అంత దూరం నడిచారు.

పొదుగు లేకుండానే కళ్ళు తిప్పుకోనివ్వని కూజా కూడా ఉంది. 1257లో చనిపోయిన సైనిక పాలకుడు చ్వే హాంగ్ సమాధిలోది అంటారు, ఇప్పుడు దక్షిణ కొరియాలోని లీయుమ్ మ్యూజియంలో ఉంది. ఒంటి నిండా తామర రేకులు ఒకదాని మీద ఒకటి కప్పినట్టు ఉంటాయి, వాటి ఈనెల మీదా అంచుల మీదా రాగితో తెచ్చిన ఎరుపు. నడుము దగ్గర ఒక పసివాడు తామర మొగ్గను రెండు చేతులా పట్టుకుని ఉంటాడు. పిడి మీద ఒక కప్ప కూర్చుంటుంది. మద్యం పోసేవాడి బొటనవేలు దాదాపు ఆ కప్పను తాకుతుంది. రాగి మంటలో ఆవిరై ఎగిరిపోయే గుణం ఉన్నది, దాన్ని పూత కింద ఎర్రగా నిలబెట్టడం మహా కష్టం. అందుకే ఎరుపు ఉన్న గోర్యో పాత్రలు అరుదు.

ఆరిన కూజాను మొదటిసారి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. పూతలో ముంచితే కరిగిపోకుండా ఉండటానికే ఇది. తరువాత గాజుపూత. కట్టెల బూడిద, రాతిపొడి, మన్ను కలిపిన నీళ్ళలో ముంచుతారు. బూడిదలోని సున్నం రాతిపొడిని కరిగించి గాజు చేస్తుంది. అందులో ఇనుము ఒకటి నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. ఎక్కువైతే గోధుమరంగు, మరీ ఎక్కువైతే నలుపు. రంగును చెడగొట్టేది, నిలబెట్టేది రెండూ ఇనుమే.

మేలురకం కప్పులకూ గిన్నెలకూ అడుగు భాగానికి కూడా పూత పూస్తారు. అప్పుడు అవి బట్టీ నేలకు అతుక్కుపోతాయి కదా? అందుకని తెల్లని పలుగురాతి తునకలు మూడు అడుగున పెట్టి వాటి మీద నిలబెడతారు. కాలాక తునకలు రాలగొడితే నువ్వుగింజంత మచ్చలు మూడు మిగులుతాయి. ఇంత సన్నని ఆనవాలే మిగలాలంటే చాలా ఓపిక కావాలి.

ఇప్పుడు బట్టీ. కొండవాలు మీద మన్నుతో, రాళ్ళతో కట్టిన పొడవాటి సొరంగం. గాంగ్‌జిన్‌లో ఇవి పది, ఇరవై మీటర్ల పొడవుండేవి. కింద పొయ్యి, పైకొసన పొగ దారి. మంట తనంతట తానే వాలు ఎక్కుతుంది. మంచి పాత్రల్ని ఒక్కొక్కటిగా మన్ను పెట్టెల్లో పెట్టి పేరుస్తారు, ఎగిరే బూడిద మీద పడకుండా. మామూలు గిన్నెల్ని ఒకదానిలో ఒకటి పెట్టేస్తారు. పైన్ కట్టెల మంట నెమ్మదిగా మొదలై, పగలూ రాత్రీ సాగి, 1200 డిగ్రీల వైపు ఎక్కే దారిలో అసలు పరీక్ష వస్తుంది. అప్పుడు కట్టెలు ఎక్కువ వేసి గాలి తగ్గిస్తారు. మంటకు ప్రాణవాయువు చాలక, గాజుపూతలోని ఇనుము నుంచి లాక్కుంటుంది. ప్రాణవాయువు కోల్పోయిన ఇనుము ఎర్రదనం వదిలి నీలి కలిసిన పచ్చకు తిరుగుతుంది. గాలి కాస్త ఎక్కువ తగిలితే అదే కూజా పసుపుపచ్చగా, ఆకు ఎండిన రంగులో బయటికొస్తుంది. ఒకే బట్టీలో కింది వరసది పచ్చగా, పై వరసది పసుపుగా రావడం కూడా ఉంది. ఉష్ణోగ్రత చెప్పే పరికరం లేదు. మంట రంగు చూసి, పొగ నలుపు చూసి నిర్ణయించాలి. చివరన కన్నాలన్నీ మన్నుతో మూసి, చల్లారే దాకా రోజుల తరబడి ఆగాలి.

తలుపు తెరిచాక ఎన్ని పనికొస్తాయి? కవి, ఉన్నతాధికారి యి గ్యు-బో (1168–1241) పచ్చ కప్పు మీద రాసిన ఒక పద్యంలో, కొండలు బోడి అయ్యేలా చెట్లు నరికి, పొగతో సూర్యుణ్ణి కప్పి, చివరికి పదింటిలో ఒక్కదాన్ని ఏరుకున్నారని చెబుతాడు. కవి లెక్క కాబట్టి కాస్త పెంచి ఉండొచ్చు. గాంగ్‌జిన్ బట్టీల పక్కన గుట్టలు పడి ఉన్న పెంకులు చూస్తే మరీ ఎక్కువ పెంచలేదనిపిస్తుంది. కప్పు పట్టుకుని తాగే పెద్దమనిషి ఆ బోడి కొండను తలుచుకోవడం నాకు నచ్చింది. 

ఏరిన పాత్రలు పడవ ఎక్కుతాయి. గిన్నెల మధ్య గడ్డి కూర్చి, దొంతరకు రెండు వైపులా కర్రలు పెట్టి, తాళ్ళతో బిగిస్తారు. పడమటి తీరం వెంట ఉత్తరానికి సాగి, యేసోంగ్ నది ముఖద్వారం చేరితే రాజధాని దగ్గరే. దారిలో తేయాన్ దగ్గర నీళ్ళు ప్రమాదకరం. 2007లో అక్కడ ఒక జాలరికి చిక్కిన చిన్న ఆక్టోపస్ సెలడాన్ పళ్ళేన్ని పట్టుకుని పైకొచ్చింది. దిగి చూస్తే అడుగున ఒక గోర్యో ఓడ, అందులో 20,000కు పైగా పింగాణీ పాత్రలు. సరుకు గాంగ్‌జిన్ నుంచి గేగ్యోంగ్‌కు వెళుతోందని చెక్క చీటీల మీద రాసి ఉంది. దగ్గర్లోనే మాదో దీవి పక్కన దొరికిన మరో ఓడలో, భుజాలు వెడల్పై నడుము సన్నగిల్లిన మేబ్యోంగ్ జాడీలు రెండు బయటపడ్డాయి. వాటికి కట్టిన వెదురు చీటీల ప్రకారం ఒకదానిలో తేనె, ఒకదానిలో నువ్వుల నూనె. ఓ మున్-బు అనే సైనికాధికారి ఇంటికి వెళుతున్న సరుకు. మేబ్యోంగ్ అంటే మద్యం జాడీయే అని అంతకుముందు చాలామంది అనుకునేవారు. రెండు వెదురు చీలికలు ఆ అభిప్రాయాన్ని సరిదిద్దాయి.

మన కూజాలోకి మాత్రం మద్యమే వస్తుంది. దాని తయారీ కూడా చూద్దాం. బరకగా విసిరిన గోధుమను తడిపి, అచ్చులో వేసి తొక్కి, బిళ్ళలు చేసి వారాల తరబడి బూజు పట్టనిస్తారు. దీన్ని నురుక్ అంటారు. బియ్యం కడిగి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, పొడిచేసిన నురుక్‌తోనూ నీళ్ళతోనూ కలిపి జాడీలో పెడతారు. నురుక్‌లోని బూజు బియ్యపు పిండిని చక్కెర చేస్తుంటే, అందులోని ఈస్ట్ ఆ చక్కెరను అప్పటికప్పుడే మద్యం చేస్తుంది. రెండు పనులూ ఒకే జాడీలో జరుగుతాయి. పులిసిన తరువాత పైన తేరేది తేట మద్యం, అది పెద్దింటివాళ్ళకు. అడుగు కలిపి పిండేది మడ్డి మద్యం, అది మిగతావాళ్ళకు. గోర్యోలో జిగురు బియ్యం లేక మామూలు బియ్యంతోనే చేస్తారనీ, రంగు ముదురు, ఘాటు ఎక్కువ, తొందరగా ఎక్కి తొందరగా దిగుతుందనీ షూ జింగ్ రాశాడు. రాజు తాగే మద్యాన్ని జాడీలో పోసి పసుపుపచ్చ పట్టుగుడ్డతో మూతి కట్టేవారట.

పదమూడో శతాబ్దపు పండితుల విందుపాటల్లో పైన్ గింజల మద్యం, వెదురాకు మద్యం, చెంచాతో తినేంత చిక్కగా ఉండే ఇహ్వాజు వంటి పేర్లు వరసగా వస్తాయి. కూజాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, గోరువెచ్చబడ్డాక పీట మీది కప్పుల్లోకి వంచుతారు. పచ్చని కప్పులో బంగారు రంగు మద్యం. యి గ్యు-బో తనకు మూడు పిచ్చులున్నాయని చెప్పుకునేవాడు: వాద్యం, పద్యం, మద్యం. మద్యాన్నే ఒక మంత్రిగా ఊహించి దాని జీవితచరిత్ర కూడా రాశాడు. విందు అంటే వాళ్ళకు తాగడంతోపాటు పద్యం చెప్పడం, చెప్పించడం.

ఈ సరదాకు చెల్లించిన ధర కూడా చెప్పాలి. ఉయిజోంగ్ రాజు 1157లో 50కి పైగా ఇళ్ళు పడగొట్టి విహారభవనాలు కట్టించాడు. వాటిలో ఒకదానికి సెలడాన్ పెంకులతో కప్పు వేయించాడని చరిత్ర గ్రంథం చెబుతుంది. అతిశయోక్తి అనుకున్నారు గాని 1960లలో గాంగ్‌జిన్‌లో అలాంటి పెంకులు దొరికాయి. రాజూ పండిత అధికారులూ పద్యాలు చెబుతూ తాగుతుంటే సైనికులు ఆకలితో కాపలా కాసేవారు. 1170లో అలాంటి ఒక విహారయాత్రలో, ఉత్తి చేతులతో తలపడే పోటీలో ఓడిన ముసలి సేనాని యి సో-ఉంగ్ చెంప మీద హాన్ రోయ్ అనే కుర్ర అధికారి కొట్టాడు. చూసినవాళ్ళు నవ్వారు. ఆ రాత్రే జోంగ్ జుంగ్-బు నాయకత్వంలో సైనికులు కత్తులు దూసి పండిత అధికారుల్ని నరికేశారు. రాజును గద్దె దించారు. ఆ తరువాత దాదాపు నూరేళ్ళు సైనికులే పాలించారు. విచిత్రం ఏమిటంటే పొదుగు పని పరాకాష్ఠకు చేరింది ఆ పాలనలోనే. తామర రేకుల కూజా యజమాని చ్వే హాంగ్ ఆ సైనిక పాలకుల వంశంవాడే.

తరువాతి కథ తొందరగా ముగిసింది. పదమూడో శతాబ్దంలో మంగోలులు వచ్చారు. వాళ్ళతో బట్టీపెట్టి దించే ఘాటైన సోజు వచ్చింది. 1350 నుంచి జపాన్ సముద్రపు దొంగలు తీరాన్ని దోచుకోవడం మొదలుపెట్టాక, గాంగ్‌జిన్ కుమ్మరులు చెల్లాచెదురై లోతట్టు ప్రాంతాలకు వెళ్ళిపోయారు. 1392లో గోర్యో రాజ్యమే పోయింది. వచ్చిన జోసోన్ రాజులకు తెల్ల పింగాణీ మీద మోజు. బిసేక్ కిటుకు చేతుల్లోంచి జారిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో హేగాంగ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన యు గున్-హ్యోంగ్ (1894–1993) పాత పెంకులు ఏరి, మన్నులు వెతికి, జీవితమంతా ఆ రంగు కోసం పెట్టాడు. 1970ల చివరి నుంచి గాంగ్‌జిన్‌లో బట్టీలు మళ్ళీ వెలుగుతున్నాయి.

సియోల్‌లోని కొరియా జాతీయ మ్యూజియంకో, గోర్యో పాత్రలున్న ఇంకే మ్యూజియంకో వెళ్ళే అవకాశం వస్తే, కూజా ముందు నిలబడి రంగు ఒక్కటే చూసి వచ్చేయకండి. పిడి పైన కొలికి వెతకండి, కొమ్ము కొస మూతికి ఎంత ఎత్తున ఉందో చూడండి, కప్పును బోర్లించి పెట్టి ఉంటే అడుగున మూడు తెల్ల మచ్చలు లెక్కపెట్టండి.